వ్రాతలో రెండు ముక్కలు, పలుకులో ఒకటి

ప్రశ్న: డిగ్రీ చదువుతూ ఫ్రెంచి నేర్చుకుంటున్నాను. ‘మాట్లాడుట’ అనే అర్థంగల ‘పార్లే’ క్రియకు ‘వారు మాట్లాడుతారు’ అనే రూపాన్ని పుస్తకంలో రెండు ముక్కలుగా విరిచి చూపారు. ఆడియోలో మాత్రం ‘పార్ల్’ అని ఒక్క ముక్కే వినిపిస్తున్నది. దేనిని నమ్మాలి?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: రెండింటినీ నమ్మవచ్చు. పంక్తి చివర మాటను ఎక్కడ విరవవచ్చో చెప్పే విభజన ఒకటి, నోటితో పలికేటప్పుడు ఏర్పడే విభజన మరొకటి. ఇది మనకు కొత్త కాదు. ‘పద్మ’ను ‘ప–ద్మ’ అని వ్రాసి ‘పద్–మ’ అని పలుకుతాము కనుకనే ఛందస్సులో దాని మొదటి అక్షరం గురువవుతున్నది.

నేను, నీవు, అతడు, వారు అనే నాలుగింటికీ ఈ క్రియ వర్తమానంలో మూడు విధాలుగా వ్రాయబడుతుంది గాని, పలుకు మాత్రం ‘పార్ల్’ ఒక్కటే. మీరు చూసిన రూపం చివరనున్న ఈ, ఎన్, టి అక్షరాలు పలకవు. ‘మేము’కు ‘పార్–లోఁ’, ‘మీరు’కు ‘పార్–లే’ అని రెండేసి ముక్కలు వస్తాయి. ‘లోఁ’ పలికేటప్పుడు గాలి ముక్కులోకీ పోవాలి, నాలుక ‘న్’ను తాకకూడదు. మన అసలు చిక్కు వేరు: మాటను అచ్చుతో ముగించే అలవాటు వల్ల ‘బస్’ను ‘బస్సు’ చేసినట్లే ‘పార్ల్’ను ‘పార్లు’ చేస్తాము. అప్పుడు లేని ముక్క ఒకటి పుట్టుకొస్తుంది.

ద్విత్వం విషయంలోనూ జాగ్రత్త అవసరం. ‘ముగించుట’ అనే ‘ఫినీర్’ క్రియకు ‘మేము’ రూపంలో ఎస్ అక్షరం జంటగా ఉంటుంది. వ్రాతలో ఆ జంట మధ్యనే విరుస్తారు గాని, ‘ఫినిస్సోఁ’ అని ఒత్తరాదు, ‘ఫి–ని–సోఁ’ అనాలి. తెరచుటకు ‘ఊ–వ్రీర్’ అన్నట్లు, ప, బ, క, గ, ఫ, వ వంటి హల్లు తరువాత ఆర్ గాని ఎల్ గాని వస్తే ఆ జంట సాధారణంగా విడిపోకుండా తరువాతి అచ్చును చేరుతుంది; ‘పార్–లోఁ’లో వలె ఆర్ తరువాత ఎల్ వస్తే మాత్రం విడిపోతుంది. ఫ్రెంచి టి, డి అక్షరాలకు మన ‘త, ద’లే దగ్గర, ‘ట, డ’లు కావు.

ఇక పదాలు కలిసే చోటు. ‘అతడు ప్రేమిస్తాడు’ అనుటకు ‘ఈ–లెమ్’, ‘వారు ప్రేమిస్తారు’ అనుటకు ‘ఈల్–జెమ్’ అంటారు. ఆ ‘జ’ను ఉర్దూ ‘జమీన్’లో వలె పలకాలి. హల్లు ముందు లోపించి, అచ్చు ముందు ‘వచ్చెనతడు’లో వలె నిలిచే మన ద్రుతాన్ని, అనగా మాట చివరి నకారాన్ని, తలచుకుంటే ఈ ‘జ’ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది: ‘వారు’ అనే ఫ్రెంచి మాట చివర పలకని ఎస్ అక్షరమే అచ్చు ముందు ఇలా పలుకుతుంది. రెండు వాక్యాలలోనూ క్రియ పలుకు ఒక్కటే కనుక, ఏకవచనమో బహువచనమో చెప్పేది ఆ ‘జ’ ఒక్కటే. పుస్తకం మూసి ఈ రెంటినీ మార్చి మార్చి పలకండి.