దున్నబోయే ముందు ఒకసారి చదువుకో, అమ్మడూ

అమ్మడూ,

మీరిద్దరూ ఉద్యోగాలు మానేసి జాంబియాలో చోమా దగ్గర గడ్డి భూములు లీజుకు తీసుకుంటున్నారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. అన్నీ అయ్యాక చెప్పడం వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటే. ఆ రాత్రంతా నాకు టెన్షన్, కన్ను మూతపడలేదు. తెల్లారాక మాత్రం మన క్యాంపు ఊళ్ళో కనబడ్డ వాళ్ళందరికీ 'మా మనవరాలు ఆఫ్రికాలో సేద్యం చేయబోతోంది' అని నేనే చాటింపు వేశాను.

కాగితాలు ఇద్దరు లాయర్లకు చూపించండి. తెగల భూమి అయితే అక్కడి చీఫ్ ఒప్పుకోనిదే లీజు రాదటగా. 99 ఏళ్ళ లీజని సంబరపడకుండా, ఆ గడ్డిలో ఇన్నాళ్ళూ ఎవరి పశువులు మేశాయో కనుక్కుని వాళ్ళ ఇంటికి వెళ్ళి మాట్లాడండి. దోమతెర లేకుండా పడుకోవద్దు. గడ్డి పూర్తిగా ఎండకముందే ఇంటి చుట్టూ, పొలం చుట్టూ వెడల్పుగా చెక్కి నిప్పుకు అడ్డం పెట్టుకోండి. బోరు వేయగానే నీళ్ళు పరీక్ష చేయించండి. ఇక్కడ కర్ణాటకలో, సింధనూరులో మేం తవ్వించిన బావి నీళ్ళు నోట పోసుకుంటే ఉప్పన, కాలవ కట్టేసిన వేసవి అంతా బిందెలు మోసుకోవడమే. మొదటి పంట మీద లెక్కలు కట్టొద్దు. 2024లో వానల్లేక మొక్కజొన్న మాడిపోతే అక్కడి ప్రభుత్వమే జాతీయ విపత్తు అని ప్రకటించిందని నువ్వే అన్నావు, మళ్ళీ నాకు లాభాల లెక్క చెప్పకు.

ఇక గడ్డి సంగతి.

1953లో తుంగభద్ర డ్యామ్‌లో నీళ్ళు నిలబెట్టాక ఎడమ కాలవ పొడుగునా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల వాళ్ళు దిగారు. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ అయిదారెకరాలు వచ్చేవి. అట్లా వెలిసినవే ఈ క్యాంపులన్నీ. నేను కొత్త కోడలిగా వచ్చేసరికి మన పొలంలో సగం గరిక పట్టిన బీడు. మీ తాతయ్యకు డెల్టా సేద్యం తప్ప ఇంకోటి తెలియదు. పైగా తొందర. జూన్‌లో నాలుగు చినుకులు పడగానే అద్దె ట్రాక్టరు తెచ్చి ఆ గరికలో డిస్క్ నాగలి తోలించేశారు. పక్క పొలం ముసలాయన, ఇక్కడివాడే, గట్టు మీదకు వచ్చి చేతులు ఊపి ఏదో చెబుతూనే ఉన్నాడు. ఈయనకు కన్నడం రాదు. వచ్చినా వినే మనిషి కాదులే. మన పొలం చూసి కన్ను కుట్టిందని ఇంటికొచ్చి నాతో అన్నారు.

దున్నిన రోజు చేను నల్లగా నిగనిగలాడింది. నన్ను తీసుకెళ్ళి మరీ చూపించారు. పది, పదిహేను రోజులకు అదే చేలో కూర్చుని మట్టి వేళ్ళతో కెలికి చూశాను. అంగుళమంత ముక్క, దానికి ఒక్క కణుపు, ఆ కణుపు నుంచి కిందికి తెల్ల వేరు, పైకి పచ్చ మొలక. డిస్కు ఎన్ని ముక్కలు కోసిందో అన్ని మొక్కలయ్యాయి. వానకు తడిసిన నేల వాటిని చక్కగా సాకింది. జొన్న మోకాలెత్తుకు వచ్చి పసుపుబారిపోయింది. ఆ ఏడాది గింజ లేదు, చొప్ప మాత్రం దక్కింది. ట్రాక్టరు అద్దెకు తెచ్చిన అప్పు నూటికి రెండు వడ్డీతో కూర్చుంది.

తర్వాతి వేసవిలో ఆ ముసలాయనే మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నడి ఎండల్లో గునపాలతో మూరెడు లోతు పెళ్ళగించి, వేళ్ళు ఏరి, కుప్పలు పోసి, ఎండాక తగలబెట్టారు. నేల నెర్రెలిచ్చి ఉండగా, గరిక వేరు గాలికీ ఎండకూ చచ్చేటట్టు చేయాలని ఆయన గట్టు మీద నిలబడి చెప్పింది అదే. మీ తాతయ్య ఆయనకు సారీ చెప్పలేదు గానీ, ఆ తర్వాత ఆయన్ని అడగకుండా విత్తు జల్లలేదు.

మీ దగ్గర ఉన్నది గరికో మరో గడ్డో నాకు తెలియదు. బీఎస్సీ అగ్రికల్చర్ చదివావు, నీకు తెలుస్తుంది. కానీ యంత్రం పెట్టే ముందు ఒక జానెడు గుంట తవ్వి ఆ గడ్డి గింజతో బతుకుతోందా, వేరుతో బతుకుతోందా చూడు. ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగిన ముసలివాళ్ళు ఏమంటారో, భాష రాకపోతే ఎవరినైనా పెట్టుకుని విను. మీ ఆయన తొందరమనిషి. పెళ్ళిలో తాళి కట్టడానికి పడిన హడావిడి చూశాను కదా.

నీళ్ళు దొరికితే విచ్చలవిడిగా వాడొద్దు. జొన్నకూ పత్తికీ అని ఉద్దేశించిన కాలవ మీద మేం వరి వేశాం. మాన్వి వైపు చివరి పొలాల వాళ్ళకు నీరు అందలేదు. పల్లపు చేలలో నీళ్ళు ఊరి చౌడు తేలింది కూడా. దీని మీద మా వాళ్ళు ఇప్పటికీ ఒప్పుకోరు, నేను మాత్రం అంటూనే ఉంటాను.

అసలు నా భయం ఇవేవీ కాదమ్మా, దారి. మీ నాన్న సింధనూరు ఆసుపత్రిలో పుట్టాల్సిన వాడు. వానలో నల్లరేగడి బాటలో బండి చక్రం ఇరుసు దాకా దిగబడి, ఎడ్లు మోకాళ్ళ మీద కూలబడితే, బండిలోనే పుట్టాడు. గొడుగు పట్టుకున్నది ఆ ముసలాయన భార్యే. భూమి ఎంత, పంట ఏంటని నన్ను అడగొద్దు. దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం, వానాకాలంలో మీ గేటు నుంచి తారు రోడ్డు దాకా కారు వెళ్తుందా, దీనికి జవాబు చెప్పు. వెళ్ళకపోతే పొలానికి పెట్టే డబ్బులో కొంత తీసి ముందు కంకర పోయించు.

అక్కడ వానలు నవంబరులో మొదలవుతాయన్నావు. జనవరిలో బాగా దంచుతున్న రోజు చూసి వీడియో కాల్ చెయ్యి. పంట తర్వాత చూస్తాను, ముందు దారి చూపించు. ఉసిరికాయ పచ్చడి మీ నాన్న చేత పంపుతున్నాను. మూత గట్టిగా బిగించమని వాడికి చెప్పు, నేను చెబితే వినడు.

మీ నాయనమ్మ