జీపీఎస్ లేని రోజుల్లో రాత్రిపూట యుద్ధవిమానాలకు రేడియో దారి ఎలా చూపేది?

అడిగింది ఇది: రెండో ప్రపంచ యుద్ధంలో రాత్రిపూట మబ్బుల మీద ఎగిరే విమానాలు తమ స్థావరం ఎటుందో రేడియోతో ఎలా తెలుసుకునేవి, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

నేను ఎయిర్‌ఫోర్స్‌లో రేడియో టెక్నీషియన్‌గా చేశాను. మా కాలానికి రేడియో కంపాస్ ముల్లు తనంతట తానే స్టేషన్ వైపు తిరిగేది. యుద్ధకాలంలో చాలాచోట్ల లూప్ యాంటెన్నాని, అంటే చుట్టగా చుట్టిన తీగని, చేత్తో తిప్పుకోవాల్సి వచ్చేది. లోపలి సూత్రం మాత్రం ఒకటే.

ఇంట్లో పాత ట్రాన్సిస్టర్ ఉంటే మీరే చూడొచ్చు. పగటిపూట మీడియం వేవ్‌లో ఆకాశవాణి విజయవాడ, 837 కిలోహెర్ట్జ్ పెట్టి, రేడియోని బల్ల మీద మెల్లగా గుండ్రంగా తిప్పండి. ఒకచోట శబ్దం బాగా పడిపోతుంది. లోపల తీగ చుట్టిన ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది, లూప్‌లాగే పనిచేసే యాంటెన్నా అది. దాని మొన అప్పుడు స్టేషన్ వైపు ఉన్నట్టు. శబ్దం ఎక్కడ ఎక్కువైందో చెవి కచ్చితంగా చెప్పలేదు, ఎక్కడ పోయిందో మాత్రం ఠక్కున పట్టేస్తుంది. ఆపరేటర్లు వెతికేది అందుకే ఆ చోటునే. మేం దాన్ని నల్ అంటాం.

చిక్కల్లా కడ్డీకి రెండు మొనలుండడమే. స్టేషన్ ముందుందో వెనకుందో తెలియదు.

1943 ఏప్రిల్ 4న 'లేడీ బి గుడ్' అనే అమెరికన్ బి-24 బాంబర్ లిబియాలోని సొలూక్ నుంచి ఇటలీలోని నేపుల్స్ మీద దాడికి బయల్దేరింది. తిరిగొచ్చేటప్పుడు పైలట్ బెంగాజీ దగ్గరి బెనీనా స్టేషన్‌ని దిక్కు అడిగితే, కింద ఆపరేటర్ తన లూప్‌తో విమానం సిగ్నల్ పట్టి 330 డిగ్రీలని జవాబిచ్చాడు. అంటే ఇంకా వాయవ్యాన, సముద్రం మీదే ఉన్నారని. కానీ విమానం అప్పటికే స్టేషన్ దాటి, సరిగ్గా ఎదురు దిక్కున ఎడారిలోకి పోతోందన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. ఇంధనం అయిపోతుంటే తొమ్మిదిమందీ పారాచూట్లతో దూకారు. ఎవరూ బతకలేదు. 1958లో చమురు కోసం తిరిగేవాళ్ల కంటపడేదాకా విమానం ఇసుకలోనే ఉంది, స్థావరానికి సుమారు 700 కిలోమీటర్ల అవతల.

చాలామంది ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఆపరేటర్‌ని తిడతారు. నేను తిట్టను. ఒంటి లూప్‌లో రెండు నల్‌లూ అచ్చం ఒకేలా వినిపిస్తాయి. నిలువు తీగ యాంటెన్నా ఒకటి జోడిస్తే ఒక్క నల్ మాత్రమే ఉండి, సిగ్నల్ ఏ వైపు నుంచి వస్తోందో తేలుతుంది. లేదా దూరదూరంగా ఉన్న స్టేషన్లు దిక్కులు చెప్పాలి. 1940లో బ్రిటన్ ఫైటర్లలో 'పిప్ స్క్వీక్' అనే ఏర్పాటు ఉండేది. ప్రతి నిమిషంలో 14 సెకన్లు సెట్టు దానంతటదే సిగ్నల్ పంపితే, కింద మూడు స్టేషన్లు పట్టిన దిక్కుల్ని మ్యాప్ మీద గీతలుగా కలిపి విమానం ఎక్కడుందో చెప్పేవారు.

ఇక నమ్మకం సంగతి. విమానం ఒంటి లోహమే సిగ్నల్‌ని వంచుతుంది. సరిగ్గా ముందునుంచో పక్కనుంచో వచ్చే సిగ్నల్‌కి తేడా తక్కువ, మూలగా వచ్చేదానికి ఎక్కువ. అందుకే మేం ఎండలో విమానాన్ని ట్రాక్టర్‌తో కొంచెం కొంచెం తిప్పుతూ, ప్రతిచోటా ముల్లు ఎంత తప్పు చూపుతోందో కార్డు మీద రాసేవాళ్లం. విసుగు పుట్టించే పని. పొద్దుగూకాక పై వాతావరణం నుంచి తిరిగొచ్చే తరంగాలు కలిసి నల్ కుదురుగా నిలవదు. ఉరుముల మబ్బు దగ్గరుంటే ముల్లు స్టేషన్‌ని వదిలేసి మెరుపు వైపు తిరుగుతుంది. వానాకాలంలో పైలట్లు 'ముల్లు పనిచేయడం లేదు' అని రాసిచ్చేవారు, మేం సెట్టు విప్పి చూస్తే లోపల అంతా శుభ్రంగా ఉండేది.