మందు ఎక్కడ పడాలి, మళ్లీ ఎప్పుడు పడాలి

చి. అమ్మాయికి ఆశీస్సులు.

కోళ్లు పొద్దుగూకితే గూట్లోకి పోకుండా చెట్టెక్కుతున్నాయని, రెట్టలో తెల్లగా బియ్యపు నూకల్లాంటివి కనబడుతున్నాయని, పేల పొడి చల్లినా పైపరజిన్ అనే పేగు పురుగుల మందు తాగించినా తేడా లేదని రాశావు. మందులు మంచివే. పొడి పడాల్సిన చోట పడలేదు, పైపరజిన్ ఆ పురుగుకు మందే కాదు. రెండూ వేర్వేరు గొడవలు, విడివిడిగా చూద్దాం.

ముందు గూడు సంగతి. ఈ రాత్రి చీకటి పడ్డాక గంటో రెండు గంటలో ఆగి టార్చి పట్టుకుని లోపలికి వెళ్లు. కోళ్లు కూర్చునే కర్ర అడుగున, అది గోడకు ఆనిన చోట తెల్ల కాగితంతో గట్టిగా తుడువు. కాగితం మీద ఎర్రటి చారలు పడితే అది నెత్తురు తాగిన ఎర్రనల్లి. పంటల మీద పడే ఎర్రనల్లి వేరు, ఇది వేరు. మిల్లీమీటరు కూడా దాటదు, ఆకలితో ఉన్నప్పుడు బూడిద రంగులో ఉంటుంది, తాగాకే ఎర్రబడుతుంది. రాత్రి కోడి మీదికెక్కి నెత్తురు తాగి, తెల్లారేసరికి పగుళ్లలోకి దూరిపోతుంది. పగలు కోడిని పట్టుకుని ఈకలన్నీ వెతికినా అందుకే ఒక్కటీ దొరకదు. నువ్వు పగటిపూట కోడికి పొడి పూశావు, నల్లేమో కర్ర చివరి పగులులో హాయిగా ఉంది.

తురాయి పాలిపోవడం, గుడ్లు తగ్గడం దీనివల్లే. పొదుగు కోడికి మరీ ప్రమాదం, అది గూడు వదిలి లేవదు కాబట్టి నెత్తురు తగ్గి కూర్చున్నచోటే చచ్చిపోవచ్చు. నీ చేతుల మీద కూడా దురద పెట్టవచ్చు గానీ మనిషి మీద అది కాపురం ఉండదు.

గూడు శుభ్రం చేయడానికి ఎండ బాగా కాసే రోజు పెట్టుకో. కర్రలు, గుడ్లు పెట్టే పెట్టెలు అన్నీ ఊడదీసి బయటికి తీసుకురా. లిట్టరంతా, అంటే నేల మీద పరిచిన పొట్టంతా, ఊడ్చి కాల్చెయ్యి, లేదా గట్టి సంచిలో మూతి కట్టి దూరంగా పడెయ్యి. గూటి పక్కనే కుప్ప పోస్తే ఆ రాత్రికే తిరిగొస్తాయి. పేరుకున్న మట్టి, రెట్ట గీకి, వేడి సబ్బు నీళ్లతో పగుళ్లలోకి దిగేలా కడిగి, పూర్తిగా ఆరనివ్వు. తడి చెక్క మీద మందు కొడితే పలచబడిపోతుంది.

ఆరాక పెర్మెత్రిన్ అనే పురుగుమందు కొట్టు. కోళ్ల గూళ్లకు వాడవచ్చని సీసా మీద రాసి ఉన్నదే కొను, మోతాదూ ఆ సీసా మీదిదే పాటించు. లెక్క అర్థం కావడానికి చెబుతున్నాను: 10 శాతం మందును 0.05 శాతానికి కలపాలంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు. గోడల మధ్యలో కొట్టి ప్రయోజనం లేదు. కర్ర చివరలు, మేకుల చుట్టూ, పెట్టెల అడుగు, తలుపు బందుల సందులు, పైకప్పు చెక్కల కీళ్లు, ఇవీ దాని ఇళ్లు. కోళ్లను, మేత, నీళ్ల పాత్రలను బయట ఉంచి, మందు ఆరాకే లోపలికి వదులు. పెర్మెత్రిన్ పిల్లులకు, చేపలకు విషం. కడిగిన నీళ్లు చెరువులోకి, కాలవలోకి పోనివ్వకు.

ఒక్కసారి కొట్టి చేతులు దులుపుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. మందు నల్లి గుడ్లను చంపదు. వేడి రోజుల్లో గుడ్డు నుంచి గుడ్లు పెట్టే నల్లి దాకా 7 నుంచి 10 రోజులే. అందుకే 7వ రోజు ఒకసారి, 14వ రోజు ఒకసారి మళ్లీ కొట్టాలి, మధ్యలో పుట్టినవి గుడ్లు పెట్టకముందే చావాలి. ఏ మందుకూ లొంగడం లేదంటే అలవాటు పడి ఉండవచ్చు, అదే రకాన్ని చిక్కగా కలపకుండా వేరే రకానికి మారు. గూడు కొన్నాళ్లు ఖాళీగా ఉంచితే ఆకలికి చస్తాయనుకోకు, తిండి లేకుండా 8 నెలలు కూడా బతకగలదు.

కర్రలు తిరిగి బిగించేటప్పుడు గోడకు ఆననివ్వకుండా కాళ్ల మీద నిలబెట్టి, ఆ కాళ్లను నూనె పోసిన డబ్బాల్లో పెట్టు. నల్లి నేల మీదుగా పాకి ఎక్కాలి కాబట్టి నూనె దాటలేదు. వెదురు, బెరడున్న కొమ్మలు వద్దు, నున్నగా చిత్రిక పట్టిన కర్ర చాలు. చూరు కింద పిచ్చుక గూళ్లుంటే ఒక కన్నేసి ఉంచు, నల్లి అక్కణ్ణుంచీ దిగుతుంది.

కోడి ఒంటి మీదే ఉండేవి వేరే. మలద్వారం చుట్టూ ఈకలు నల్లగా, మసి పూసినట్టు, జిడ్డుగా ఉంటే అది కోడినే అంటిపెట్టుకునే రకం నల్లి, పగలూ కనబడుతుంది, పుంజుల మీద ఎక్కువ. గడ్డి రంగులో గబగబా పరిగెత్తితే పేలు. ఈకల మొదట్లో తెల్లటి గడ్డలా అంటుకున్నవి వాటి ఈపులు. వీటికైతే నీ పేల పొడి సరైనదే, పూసే తీరే తప్పు. 0.25 శాతం పెర్మెత్రిన్ పొడి ఒక్కో కోడికి 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు చాలు. తలకిందులుగా పట్టుకుంటే ఈకలు విచ్చుకుంటాయి. మలద్వారం చుట్టూ, తొడల మధ్య, రెక్కల కింద చర్మానికి తగిలేలా వేళ్లతో రుద్దు. వీపు మీద చల్లింది దులిపేసుకుంటుంది. ముక్కుకు గుడ్డ కట్టుకో. పేలకు 10 నుంచి 14 రోజుల మధ్య మళ్లీ పూయాలి, ఈపులు పగిలేది ఈలోపే. ఒక్క కోడిని వదిలినా పని మొదటికే.

మట్టి స్నానానికి చోటు తప్పకుండా పెట్టు. వాన పడని నీడలో అడుగు లోతు పెట్టె, పొడి ఇసుకా మెత్తటి మట్టీ, కొంచెం గంధకం పొడి. కట్టెల బూడిద కలపవచ్చు గానీ తడిస్తే చర్మం కాల్చేంత ఘాటవుతుంది. ప్లాస్టిక్ కాల్చిన బూడిద అసలు వద్దు.

కాళ్ల పొలుసులు లేచి తెల్లటి బెరడు కడితే అది పొలుసుల కింద తొలిచే మరో నల్లి. గోరువెచ్చని సబ్బు నీళ్లలో కాళ్లు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, తుడిచి, వ్యాజిలైన్ మందంగా పట్టించు. వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు. పొలుసులు పీకకు, నెత్తురు కారుతుంది. కిరోసిన్, డీజిల్ పూయమని ఎవరైనా చెబితే వినకు, చర్మం కాలిపోతుంది.

ఇక ఆ నూకలు. అవి బద్దె పురుగు, అంటే పేగులో నాడాలా పెరిగే టేప్‌వర్మ్, తుంపులు. పైపరజిన్ చంపేది పెద్ద ఏలికపాములను మాత్రమే. బద్దె పురుగుకు ప్రాజిక్వాంటెల్ కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు, లేదా ఆల్బెండజోల్ 20 మిల్లీగ్రాములు. ఏది ఇవ్వాలో పశువైద్యుణ్ణి అడిగి తేల్చుకో, ఆ రోజుల్లో గుడ్లు తినవచ్చా అన్నది కూడా అప్పుడే అడగాలి. ఆల్బెండజోల్ అయితే ఏలికపాములూ పోతాయి. 2.5 శాతం ద్రవంలో మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములుంటుంది, రెండు కిలోల కోడికి 1.6 మిల్లీలీటర్లు. కోడిని తూచే ఇవ్వు. కంటి అంచనా ఎప్పుడూ తక్కువే పడుతుంది, తక్కువ పడ్డ మందుకు పురుగు చావదు సరికదా అలవాటు పడుతుంది.

ఈ ద్రవం నీళ్లలో కలపకు, అడుగుకు దిగిపోతుంది. కొన్ని కోళ్లకు ఎక్కువ, కొన్నిటికి ఏమీ అందదు. సీసా బాగా కుదిపి, సిరంజితో ఉండ చేసిన మేతలో వేసి ఒక్కొక్కదానికీ తినిపించు. నోట్లోనే పోయాల్సి వస్తే ముక్కు పక్కనుంచి చుక్కచుక్కగా పొయ్యి, అది మింగాకే తరువాతి చుక్క. నాలుక మొదట్లో కనబడే రంధ్రం గాలిగొట్టం, అందులో పడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొదిగించే గుడ్లు తీసిపెట్టే రోజుల్లో, ఈకలు రాల్చి కొత్తవి వస్తున్న రోజుల్లో ఈ మందు ఆపు.

14 నుంచి 21 రోజులకు రెండో మోతాదు. మొదటిసారి పేగు గోడలో దాక్కున్న పిల్లపురుగులు మందుకు దొరకవు, అవి బయటికొచ్చి గుడ్లు పెట్టేలోపు పట్టుకోవాలి.

అయినా బద్దె పురుగు నేరుగా కోడి నుంచి కోడికి రాదు. చీమలు, పేడపురుగులు, ఈగలు మధ్యవర్తులు. అవి తగ్గకపోతే మందు మీద మందు ఇస్తూ ఉండాల్సిందే. రెట్ట రోజూ తీసెయ్యి, మేత రాత్రి వదిలెయ్యకు. ఏలికపాముది వేరే దారి, దాని గుడ్డు తడి లిట్టరులో 10 నుంచి 20 రోజుల్లో పక్వానికొచ్చి నేరుగా ముక్కుకు అందుతుంది. పెంకు మందం కాబట్టి మామూలు క్రిమిసంహారకాలకు చావదు, ఎండకూ ఆరుదలకే లొంగుతుంది. లిట్టరు గుప్పెట్లో పిండి చూడు, ముద్ద కడితే తడి ఎక్కువ. తిరగేసి, పొడిది కలుపు. నీళ్ల పాత్ర కోడి వీపు ఎత్తున పెట్టు, ఒలకదు. మూడు నాలుగు నెలలలోపు పిల్లలకు పురుగు ఎక్కువ హాని చేస్తుంది, పెద్దవి తట్టుకుంటాయి గానీ రెట్టలో పురుగు గుడ్లు విసర్జిస్తూ ఉంటాయి, అందుకే రెండిటినీ ఒకే మట్టిలో వదలకు.

వెల్లుల్లి, గుమ్మడి గింజలు పెట్టాలనిపిస్తే పెట్టు, హాని లేదు. వాటితో నట్టలు, అంటే ఈ పేగు పురుగులు, పోతాయని మాత్రం నమ్ముకుని కూర్చోకు.

కుక్కల మెడకు పోసే ఫిప్రోనిల్ చుక్కలు కోళ్లకు వాడకు. 2017లో నెదర్లాండ్స్, బెల్జియంలో కోళ్ల షెడ్లలో నల్లికి అది వాడారని తేలి, లక్షలకొద్దీ గుడ్లు అంగళ్ల నుంచి వెనక్కి తీయాల్సి వచ్చింది. ఏ మందైనా గుడ్లు ఎన్ని రోజులు పారెయ్యాలో సీసా మీద చూడు; లేకపోతే వైద్యుడు చెప్పిన రోజులు. ఐవర్‌మెక్టిన్ అయితే గుడ్లలో చాలా రోజులు నిలుస్తుంది, పైగా బద్దె పురుగును ఏమీ చేయదు.

కొత్త కోడిని తెస్తే 30 రోజులు దూరంగా వేరే గూట్లో పెట్టు. పాత పెట్టెలు, వాడిన గుడ్ల అట్టలు అరువు తెచ్చుకోకు, వాటి సందుల్లోనే నల్లి ప్రయాణం చేస్తుంది.

రెండో మోతాదు ఇచ్చిన 14 రోజులకు, ఎనిమిది పది కోళ్ల తాజా రెట్ట కొంచెం కొంచెం ఒకే డబ్బాలో వేసి, చల్లగా ఉంచి, అదే రోజు పశువైద్యశాలలో పరీక్ష చేయించు. నట్ట గుడ్లు ఇంకా ఉన్నాయంటే ఆ కాగితం నాకు పంపు, మందు మార్చే మాట అప్పుడు చూద్దాం.

ఇట్లు,
నీ పెద్దమ్మ