రోబో టీమ్‌కు 18,000 కట్టాలి, గొలుసు బ్యాంకులో పెట్టమంటారా?

ప్రశ్న: మాది చీమకుర్తి. మా ఆయన గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ మిషన్ ఆపరేటర్, జీతం 24,000. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను, నెలకు 6,000 దాకా వస్తుంది. పాప ఒంగోలులో ప్రైవేటు స్కూల్లో 8వ తరగతి. స్కూల్లో రోబోటిక్స్ టీమ్ పెడుతున్నారు, పదిమంది పిల్లలు. ఒక్కొక్కరూ 18,000 కట్టాలట, బయటి ఊళ్లో పోటీలకు వెళ్తే ఆ ఖర్చు వేరే. పాప రాత్రిళ్లు నిద్రపోకుండా అదే మాట. మా అత్తయ్య మాత్రం "ఆడపిల్లకి ఆ బొమ్మలెందుకు, ఆ డబ్బుతో కమ్మలు కొను" అంటున్నారు. సుకన్య సమృద్ధి ఖాతాలో నెలకు 1,000, పోస్టాఫీసు ఆర్‌డీలో 1,500 (రెండేళ్లు నిండాయి) కడుతున్నాం. 50,000 చిట్టీ ఒకటి, నెలకు 2,000, తొమ్మిదో నెల నడుస్తోంది. గొలుసు పెట్టి కట్టాలా, ఆర్‌డీ తీసెయ్యాలా, చిట్టీ పాడుకోవాలా? పాపకు దీనివల్ల ఐఐటీ సీటు వస్తుందా?

జవాబు: అమ్మా, చివరి ప్రశ్న నుంచి మొదలుపెడతాను. రాదు. జేఈఈలో గానీ ఈఏపీసెట్‌లో గానీ రోబో టీమ్‌కు ఒక్క మార్కు కూడా లేదు. ఒంగోలు ట్రిపుల్ ఐటీలో సీటు ఇచ్చేది పదో తరగతి మార్కుల మీద. సీటు కోసమని ఎవరైనా చెప్పి ఉంటే ఆ మాట పక్కన పెట్టండి. అయినా పాపను చేర్చమనే చెబుతాను. ఎందుకో నా ఇంట్లో జరిగిందే చెబుతాను.

మా అబ్బాయి ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒక శిక్షణా సంస్థలో 22,000 కట్టి రోబోటిక్స్ కోర్సులో చేర్చాను. పదహారు క్లాసులు. పుస్తకంలో బొమ్మ చూపిస్తారు, పిల్లలు అలాగే బిగిస్తారు. వైరు ఊడితే సారే వచ్చి పెట్టేస్తారు. చివర్లో సర్టిఫికెట్, ఫొటో. ఆ పెట్టె ఇప్పుడు అటక మీద ఉంది. డబ్బు పోయినందుకు కన్నా, నాలుగు నెలల తర్వాత కూడా మోటారు ఎందుకు తిరుగుతోందో వాడు చెప్పలేకపోయినందుకు నాకు ఎక్కువ బాధ వేసింది.

మరుసటి ఏడు వాళ్ల స్కూల్లో సైన్సు టీచరు టీమ్ పెట్టారు. ఖర్చు 3,500. ఒక శనివారం సాయంత్రం వాణ్ని తీసుకురావడానికి వెళ్లి గంటసేపు అక్కడే నిలబడిపోయాను. రోబో సరిగ్గా మీటరు దూరం వెళ్లి ఆగాలి. చక్రం అడ్డుకొలత 6.5 సెంటీమీటర్లు. దాన్ని 3.14తో గుణిస్తే చుట్టుకొలత 20.4 వస్తుంది. అంటే మీటరుకు ఐదు చుట్లకు కొంచెం తక్కువ. లెక్క సరిగ్గానే వేశారు, కానీ రోబో ప్రతిసారీ ఏడు సెంటీమీటర్ల ముందే ఆగిపోతోంది. ఒకడు ప్రోగ్రామ్ తప్పంటాడు, ఇంకొకడు బ్యాటరీ దిగిందంటాడు. ఆ టీమ్‌లో ఒక పాప ఇంటి నుంచి కుట్టుపని టేపు తెచ్చుకుంది. రోబోను పది చుట్లు తిప్పి, ఎంత దూరం వెళ్లిందో నేల మీద సుద్దతో గీసి, టేపుతో కొలిచి, పదితో భాగించింది. చుట్టుకు 20.4 కాదు, 19 చిల్లర వచ్చింది. బరువుకి రబ్బరు నొక్కుకుపోతోంది, నున్నటి గచ్చు మీద చక్రం కాస్త జారుతోంది. పుస్తకంలో నేర్చుకున్న 'పై' (π) లెక్కకీ, నేల మీద చక్రానికీ మధ్య ఎంత తేడా ఉందో ఆ పిల్లలు తమ చేతులతో కొలిచి తెలుసుకున్నారు. స్టెమ్ అని పెద్ద పేరుతో పిలిచే సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు నాలుగూ ఆ సుద్దగీత దగ్గరే ఉన్నాయి.

ఆ టేపు మీ ఇంట్లో ఉంది. గేర్ల సంగతి చెప్పడానికి మీ ఆయన ఉన్నారు. పన్నెండు పళ్ల గేరుతో ముప్పై ఆరు పళ్ల గేరును తిప్పితే వేగం మూడో వంతుకు తగ్గుతుంది, తిప్పే బలం దాదాపు మూడింతలవుతుంది. మిషన్ల మధ్య బతికే మనిషి తను రోజూ చూసే గేరుబాక్సును పాపకు చూపించి చెబితే ఏ కోచ్ చెప్పినా అంత బాగా ఎక్కదు. మీ అత్తగారికి నా మాటగా చెప్పండి, కమ్మలు వచ్చే ఏడు కూడా కొనుక్కోవచ్చు. పదో తరగతికి వెళ్తే ఇలాంటి వాటికి తీరిక ఉండదు. ఎనిమిది, తొమ్మిది తరగతులే దీనికి వయసు.

ఇక డబ్బు. మీ ఏడాది ఆదాయం 3,60,000. స్కూలు ఫీజు కాకుండా ఇలాంటి అదనపు వాటికి ఏడాది ఆదాయంలో 5 శాతం దాటవద్దని నా దగ్గరకొచ్చే కుటుంబాలకు చెబుతుంటాను. 5 శాతమంటే మీకు సరిగ్గా 18,000. అంటే ఫీజుతోనే గీత దగ్గరికి వచ్చేశారు, ప్రయాణం ఖర్చు గీత దాటిపోతుంది. అందుకే ముందు ఆ 18,000 తగ్గుతుందేమో చూడాలి.

పదిమంది కడితే 1,80,000. దేనికెంత అని కాగితం మీద రాసివ్వమని అడగండి, మొహమాటపడకండి. రోబోకు మెదడులా పనిచేసే ఆర్డుయినో బోర్డు నకలు ఐదారు వందలకు దొరుకుతుంది, దూరం కొలిచే సెన్సర్ వంద రూపాయల అటూఇటూ. ముక్కలు బిగించి రోబో తయారుచేసే లెగో కిట్ అయితే ఖరీదే, కానీ అది స్కూల్లోనే ఉండిపోతుంది, వచ్చే ఏడు పిల్లలూ వాడతారు. అలాంటప్పుడు మొత్తం ధర ఈ పదిమంది మీదే ఎందుకు వెయ్యాలి? స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో కూడా అడగండి. 2016 నుంచి నీతి ఆయోగ్ ఇస్తున్న ఈ ల్యాబ్‌లకు ఒక్కోదానికి 20 లక్షల దాకా గ్రాంటు ఉంది, ప్రైవేటు స్కూళ్లకు కూడా వచ్చాయి. ల్యాబ్ ఉంటే బోర్డులు, సెన్సర్లు అక్కడే ఉండాలి.

ఏ పోటీకి వెళ్తారో అడగడం మరిచిపోకండి. ఫస్ట్ లెగో లీగ్ లాంటి వాటిలో బల్ల మీద రోబో ఆట రెండున్నర నిమిషాలే. రోబోను ఎలా రూపొందించారు, పిల్లలు ఏ సమస్య మీద పరిశోధన చేశారు, జట్టుగా ఎలా మెలిగారు అనేవి కూడా జడ్జిలు చూస్తారు. పోటీ పేరు చెప్పలేక "సర్టిఫికెట్ ఇస్తాం" అని మాత్రమే అంటే అది టీమ్ కాదు, నేను డబ్బు పోగొట్టుకున్న కోర్సు లాంటిదే. అప్పుడు చేర్చకండి.

మీరు అడిగిన మూడు దారులూ నాకు నచ్చలేదు. చిట్టీ తొమ్మిదో నెలలో పాడితే, పాట పది వేలకు పోయిందనుకున్నా, చేతికొచ్చేది 40,000. పద్దెనిమిది వేల అవసరానికి పది వేలు వదులుకోవడం చాలా ఖరీదైన అప్పు. గొలుసు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఏడాది చివర అసలూ వడ్డీ ఒకేసారి కట్టాల్సిన లోన్ అయితే, ఆ రోజు డబ్బు సర్దుబాటు కాక వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకుంటారు. అలా మూడేళ్లు గొలుసు ముఖం చూడనివాళ్లు నాకు తెలుసు. పోస్టాఫీసు ఆర్‌డీ అయితే మూడేళ్లు నిండనిదే మూయనివ్వరు, ఆ తర్వాత మూసినా సేవింగ్స్ ఖాతా వడ్డీ 4 శాతమే ఇస్తారు. సుకన్య మీరు అడగలేదు, మంచిది. పదో తరగతి పాసయ్యాకో పద్దెనిమిదేళ్లు నిండాకో పై చదువుకు అందులో సగం దాకా తీసుకోవచ్చు. అది ఇంజినీరింగ్ డబ్బు, దాని జోలికి వెళ్లొద్దు.

ఫీజును మూడు వాయిదాలుగా అడగండి. ఒక్కో వాయిదా ఆరు వేలు. వరలక్ష్మీ వ్రతానికీ పెళ్లిళ్లకూ మీకు బ్లౌజుల పని ఎక్కువగా వస్తుంది కదా, ఆ నెలల్లోనే పెట్టించుకోండి. స్కూలు ఒప్పుకోకపోతే మాత్రమే ఆర్‌డీ మీద లోన్ తీసుకోండి. పన్నెండు వాయిదాలు కట్టి ఏడాది దాటింది కాబట్టి జమలో సగం దాకా ఇస్తారు. మీది వడ్డీతో కలిపి సుమారు 38,600 అయ్యుంటుంది, అంటే 19,000 దాకా వస్తుంది. ఆర్‌డీ వడ్డీ 6.7 శాతం మీద రెండు శాతం కలిపి 8.7 శాతం పడుతుంది. నెలనెలా కొంత కట్టి ఏడాదిలోపు తీర్చేయండి. ఆర్‌డీ అలాగే నడుస్తుంది, గొలుసు మెడలోనే ఉంటుంది.

ప్రయాణానికి ఈ నెల నుంచే 500 విడిగా తీసిపెట్టండి. పోటీకి టీచరుతో పంపండి, మీరిద్దరూ వెంట వెళ్తే ఖర్చు మూడింతలవుతుంది. భయం ఉంటుంది, తెలుసు. తల్లిదండ్రుల్లో ఒక్కరు అందరి తరఫున వెళ్తే సరిపోతుంది.

ఇంకో రెండు దారులున్నాయి. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ మానక్ అవార్డుకు స్కూలు పిల్లల ఆలోచనలను పంపుతుంది, ఎంపికైతే నమూనా తయారీకి పిల్లల ఖాతాలో 10,000 వేస్తారు. మీ ఆయన ఫ్యాక్టరీలో గ్రానైట్ దుమ్ము గురించి పాప ఏదైనా ఆలోచిస్తే దాన్నే పంపమని టీచరును అడగండి. వచ్చే ఏడు తొమ్మిదిలోకి వెళ్లాక ఇస్రో యువిక శిబిరానికి దరఖాస్తు చేయించండి. 8వ తరగతి మార్కులకు అందులో పెద్ద పీట, ఖర్చంతా ఇస్రోదే.

స్కూలు వాళ్లు ఖర్చుల కాగితం ఇచ్చాక వెంటనే కట్టేయకండి, ఒక ఫొటో తీసి నాకు పంపండి. ఏది తగ్గించమని అడగవచ్చో చూసి చెబుతాను.