చేతులు కట్టుకోమంటే తాడు అడిగిన పిల్లవాడు

పాఠకుల ప్రశ్నలు: ప్రత్యేక విద్య

ప్రత్యేక విద్య గురించి ప్రశ్నలు పంపమని కోరినప్పుడు చట్టాల గురించి, చికిత్సల గురించి ఉత్తరాలు వస్తాయని ఎదురుచూశాను. వచ్చినవాటిలో ఎక్కువ భాగం తరగతి గదిలోని నవ్వు గురించి, ఆ పనిలో దొరికే తృప్తి గురించి ఉండటం నాకు ఎంతో సంతోషం కలిగించింది. వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: ప్రత్యేక విద్యలో శిక్షణ పూర్తి చేసుకుని ఇటీవలే ఉద్యోగంలో చేరాను. ఆటిజం (మాట తీరు, ఇతరులతో మెలిగే తీరు వేరుగా ఉండే ఎదుగుదల స్థితి) ఉన్న ఒక విద్యార్థితో ‘చేతులు కట్టుకుని కూర్చో’ అన్నాను. అతడు చుట్టూ చూసి, ‘తాడు ఎక్కడుంది?’ అని అడిగాడు. నాకు నవ్వు ఆగలేదు. తర్వాత స్టాఫ్ రూమ్‌లో చెబితే అందరూ నవ్వారు. ఇంటికి వెళ్లాక మాత్రం ఆ పిల్లవాణ్ణి అవమానించానేమోనని మనసు పీకుతోంది. ఇలా నవ్వడం తప్పా? (ఒక కొత్త ఉపాధ్యాయిని)

జవాబు: నవ్వడం తప్పు కాదు. ఆ పిల్లవాడు అడిగినదాంట్లోనూ తప్పు లేదు. మీ మాటను ఉన్నదున్నట్టుగా తీసుకుంటే తాడు లేకుండా ఆ పని జరగదు మరి. మనం రోజంతా ఇటువంటి మాటలే వాడుతుంటాం. ‘పక్కకు చూడకు, నీ పని నువ్వు చూసుకో’ అని ఉపాధ్యాయిని అన్నందుకు ఒక బాలిక పెన్సిల్ పక్కన పెట్టి, తన కాగితాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, మళ్లీ పిలిచేదాకా దానినే కన్నార్పకుండా చూస్తూ కూర్చోవడం నేను చూశాను. ‘నా బుర్ర తినకు’ అన్న టీచర్‌కు, తానేమీ తినలేదని నోరు తెరిచి చూపించిన పిల్లవాడూ నాకు తెలుసు. ‘ఒక్క నిమిషం ఆగు’ అంటే గోడ గడియారంలో సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరగగానే వచ్చి ఎదురుగా నిలబడే పిల్లలు లేని ప్రత్యేక పాఠశాల ఉండదేమో.

ఈ స్వభావాన్ని చాలా కాలం కిందటే గమనించారు. 1943లో వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లలను పరిశీలించి ఆటిజం గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, ఒక బాలుడిని చేతిలోని వస్తువు కింద పెట్టమంటే సరిగ్గా నేల మీదే పెట్టేవాడని నమోదు చేశారు. దీన్ని చాలా ఏళ్లపాటు పిల్లవాడి లోటుగానే చూశారు. ఆటిజం ఉన్న పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో ఇంకో వైపు చూపించారు. ఆటిజం ఉన్నవారికి ఇతరుల మనసు అందదని మనం అంటుంటాం గానీ, ఇతరులకు వారి మనసు అందకపోవడమూ అంతే నిజమని, అర్థం చేసుకోవడంలోని ఇబ్బంది ఇద్దరి మధ్య ఉందే తప్ప ఒక్కరిలోనే లేదని ఆయన వాదన. తాడు అడిగిన పిల్లవాడి విషయంలో నాకు ఈ వాదన అక్షరాలా నిజమనిపిస్తుంది. నవ్వు తెప్పించింది అతడి తెలివితక్కువతనం కాదు. మన మాట ఎంత వదులుగా ఉందో అతడు ఒక్క ప్రశ్నతో పట్టుకున్నాడు.

కాబట్టి ఆ నవ్వు మీ మాటను సరిచేయాలి. రేపటి నుంచి ‘రెండు చేతులూ బల్ల మీద పెట్టు’ అనండి. ‘చేతులు కట్టుకోవడం’ అనే జాతీయాన్ని, చేసి చూపిస్తూ, విడిగా ఒక పాఠంగా చెప్పండి. లోకమంతా ఆ మాట వాడుతుంది గనుక అతడికి అదీ తెలియాలి. మీరు నవ్వడం అతడు చూసి ఉంటే కారణం చెప్పండి: ‘నేను అన్న మాట తమాషాగా ఉంది, అందుకే నవ్వాను’ అంటే చాలు. కారణం తెలియని నవ్వు ఏ పిల్లవాడికైనా ముల్లులా గుచ్చుకుంటుంది. ఇక స్టాఫ్ రూమ్ సంగతి. అక్కడ ఈ కథను ‘ఎంత చక్కగా అడిగాడో చూడండి’ అని చెప్పుకోవచ్చు. ‘ఎంత అమాయకుడో చూడండి’ అనే ధోరణిలోకి మారుతున్న క్షణంలో ఆపేయాలి.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. పిల్లవాడు బూటు విసిరినప్పుడు, బల్ల ఎక్కినప్పుడు, అది ఎంత వింతగా ఉన్నా పిల్లల ఎదుట నవ్వకండి. మీ నవ్వు అతడికి బహుమతి. మర్నాడు అదే వేళకు ఆ బూటు మళ్లీ గాలిలోకి లేస్తుంది, ఈసారి మీ ముఖం వైపు చూస్తూ మరీ.

ప్రశ్న: ఇటువంటి సరదా సంఘటనలను ఫోన్‌లో వీడియో తీసి అందరితో పంచుకోవచ్చా? ప్రత్యేక విద్య మీద సమాజంలో సదభిప్రాయం పెరుగుతుంది కదా? (ఒక సహాయక ఉపాధ్యాయుడు)

జవాబు: వద్దు. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడికలో 22వ అధికరణం వారి గోప్యతకు రక్షణ కల్పిస్తోంది. ఆ ఒడంబడిక లేకపోయినా నా జవాబు ఇదే. ఆ పిల్లవాడు రేపు పెద్దవాడవుతాడు, ఆ వీడియో మాత్రం అలాగే ఉంటుంది. తల్లిదండ్రుల అనుమతితో, పాఠం మెరుగుపరచుకోవడం కోసం తీసిన వీడియో బోధన బృందం దాటి బయటికి పోకూడదు.

ప్రశ్న: మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. సొంతంగా మాట్లాడేది తక్కువ, ఎక్కడో విన్న వాక్యాలను అప్పజెబుతుంటాడు. మొన్న రాతపని ఇవ్వగానే టీచర్ వైపు చూసి, అచ్చం ఫోన్‌లో వినిపించే గొంతుతో, ‘మీరు డయల్ చేసిన నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు’ అన్నాడట. ఆవిడ ఎంతో సంబరంగా చెప్పారు. అర్థం లేని మాటకు అంత సంతోషమెందుకో నాకు తెలియలేదు. మావాడు నిజంగా జోక్ చేశాడా? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, అది అర్థం లేని మాట కానే కాదు. ఆ సందర్భానికి అంతకంటే సరిపోయే వాక్యం మీరు గాని నేను గాని వెతికినా దొరకదు. విన్న మాటను అలాగే తిరిగి పలకడాన్ని ఎకోలాలియా అంటారు. ఒకప్పుడు దీన్ని మాన్పించవలసిన అలవాటుగా చూసేవారు. 1981లో బ్యారీ ప్రిజాంట్, జుడిత్ డుకాన్ అనే పరిశోధకులు ఆటిజం ఉన్న పిల్లలు వెంటనే తిరిగి పలికే మాటలను శ్రద్ధగా పరిశీలించి, వాటి వెనక ఏడు రకాల ప్రయోజనాలు ఉన్నాయని తేల్చారు. సంభాషణలో తన వంతు అందుకోవడం, అవునని చెప్పడం, కావలసింది అడగడం, తనను తాను అదుపు చేసుకోవడం వంటివి అందులో ఉన్నాయి. మీ అబ్బాయిలాగా ఎప్పుడో విన్న వాక్యాన్ని తర్వాత వాడే పిల్లల మాటలకూ ప్రయోజనాలు ఉన్నాయని ప్రిజాంట్, ప్యాట్రిక్ రైడెల్ కలిసి 1984లో చూపించారు. టీచర్ సంబరానికి కారణం అదే. ‘ఇప్పుడు నేను రాయను’ అనే సంగతిని ఏడవకుండా, కాగితం చింపకుండా, మాటతో తెలియజేశాడు.

జోక్ చేశాడా అంటే, ఆ మాట అన్న తర్వాత ఏం చేశాడో అడిగి తెలుసుకోండి. టీచర్ నవ్విందో లేదో చూడటానికి ముఖం వంక చూశాడా? ఆమె నవ్వితే మళ్లీ అన్నాడా? వాసుదేవి రెడ్డి, ఆమె సహ పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో ఆటిజం ఉన్న చిన్నపిల్లలూ డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే ఒక జన్యుపరమైన స్థితి) ఉన్న చిన్నపిల్లలూ నవ్వే తీరును పోల్చి చూశారు. ఆటిజం ఉన్న పిల్లలు నవ్వడం తక్కువేమీ కాదు. ఎదుటివారి నవ్వులో పాలుపంచుకోవడం, కావాలని కొంటె పనులు చేసి ఇతరులను నవ్వించడం మాత్రం వారిలో అరుదుగా కనిపించింది. అందువల్ల మీవాడు టీచర్ ముఖం చూసి నవ్వి ఉంటే అది చాలా పెద్ద విషయం, తేదీ వేసి రాసిపెట్టుకోండి. ఇంట్లో ఇటువంటి వాక్యం వచ్చినప్పుడు అందులోని భావానికి జవాబు చెప్పండి. ‘నీకు ఇప్పుడు రాయాలని లేదు. తర్వాత రాస్తాను అను’ అని చిన్న వాక్యం అందించి, అతడు దాన్ని పలికిన వెంటనే నిజంగానే కాసేపు విరామం ఇవ్వండి. మాటకు ఫలితం దక్కుతుందని తెలిసిన పిల్లవాడు ఇంకో మాట నేర్చుకుంటాడు.

ప్రశ్న: ప్రత్యేక విద్యలో చేరాలని ఉందంటే అందరూ ‘నీకు చాలా ఓపిక ఉండాలి’ అంటున్నారు. ఎంత ఓపిక కావాలి? (ఒక విద్యార్థిని)

జవాబు: పుట్టుకతో వచ్చే ఓపిక గురించి భయపడకండి, ఇక్కడ కావలసినది అభ్యాసంతో వచ్చేదే. ప్రశ్న అడిగిన తర్వాత ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబుల తీరే మారిపోతోందని విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో సాధారణ తరగతి గదుల్లోనే గమనించారు. మన పిల్లల్లో చాలామందికి అంతకంటే ఎక్కువ వ్యవధి కావాలి. మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ, పెదవి కదపకుండా, ప్రశ్నను మరో రకంగా మార్చి అడగకుండా నిలబడటం నేర్చుకోండి. మీరు ఆశ వదులుకోబోయే ముందు వచ్చే జవాబు ఎంత బాగుంటుందో అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్న: పదేళ్లకు పైగా ఈ వృత్తిలో ఉన్నాను. నాతో చదువుకున్నవారు తమ విద్యార్థుల ర్యాంకుల గురించి చెబుతుంటారు. ఈ ఏడాది మొత్తం మీద నా విద్యార్థి ఒకడు తన కోటు జిప్ తనంతట తాను పెట్టుకోవడం నేర్చుకున్నాడు. అది చెబితే వినేవారికి అర్థం కాదు, నాకే చిన్నతనంగా ఉంటుంది. ఈ పనిలో ప్రతిఫలం ఎక్కడ వెతుక్కోవాలి? (ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: ఆ జిప్ గురించే మాట్లాడుకుందాం. మీరు దాన్ని చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పి ఉంటారు. మొదట కింద రెండు అంచులనూ మీరే కలిపి, ఛాతీ దాకా మీరే లాగి, మెడ దగ్గర మిగిలిన కాస్త దూరం అతడి చేత లాగించి ఉంటారు. పని పూర్తి చేసిన సంతోషం మొదటి రోజే అతడిది కావాలని కదా ఆ పద్ధతి! తర్వాత సగం నుంచి, ఆపై అడుగు నుంచి లాగాడు. అన్నిటికంటే కష్టమైనది చిట్టచివర మిగిలింది: ఒక అంచున ఉన్న సన్నని ములుకును రెండో అంచున ఉన్న చిన్న గడిలోకి దింపి, అది జారకుండా ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో పైకి లాగాలి. ఒకే క్షణంలో రెండు చేతులు రెండు వేర్వేరు పనులు చేయాలి. ఆ దశలో మీ చెయ్యి మొదట అతడి వేళ్ల మీద, తర్వాత మణికట్టు మీద, ఆ తర్వాత మోచేతి మీద ఉండి, చివరికి వేలితో చూపించడం దగ్గర ఆగి ఉంటుంది. ఒకనాడు మీరు సాయానికి చెయ్యి చాచేలోపు జిప్ పైకి వెళ్లిపోయింది. మీ సాయం అవసరం లేకపోవడమే మీరు సాధించిన ఫలితం. ఇక ఆ కోటు వేసుకున్న ప్రతిసారీ అతడు ఇంకొకరి కోసం ఎదురుచూడనక్కరలేదు. ఏ ర్యాంకు ఇన్నాళ్లు పనికొస్తుంది?

మన వృత్తికి మూలపురుషుల్లో ఒకరైన జాన్ ఇటార్‌కూ ఈ బాధ తప్పలేదు. ఫ్రాన్స్‌లోని అవెరాన్ ప్రాంతపు అడవుల్లో ఒంటరిగా తిరుగుతూ 1800 జనవరిలో జనం మధ్యకు వచ్చిన బాలుడిని ఆయన పారిస్‌లో చేరదీసి, విక్టర్ అని పేరు పెట్టి, చదువు చెప్పారు. పాలు కావాలంటే ‘లే’ అని ఫ్రెంచి మాటతో అడగాలని పట్టుబట్టి నేర్పారు. పిల్లవాడు ఆ మాట పలికాడు, కానీ పాలు గిన్నెలో పడిన తర్వాతే పలికాడు! అడగడానికి పనికిరాకుండా సంతోషానికి మాత్రమే వచ్చిన ఆ మాటను చూసి గురువు నిరుత్సాహపడినట్టు 1801 నాటి నివేదికలో ఉంది. అదే నివేదికలో ఇంకొక సంగతి కూడా ఉంది. ఆ మాటను ఫ్రెంచిలో రాసే నాలుగు అక్షరాల (L, A, I, T) ముక్కలను వరసగా పేర్చడం విక్టర్‌కు నేర్పారు. కొద్ది రోజులకు, తనకు పాలు పోసే ఒక ఇంటికి బయలుదేరుతూ, ఎవరూ చెప్పకుండానే ఆ నాలుగు అక్షరాలనూ జేబులో వేసుకుని వెళ్లి, అక్కడ బల్ల మీద పేర్చి చూపించాడు. ఇది చదివిన ప్రతిసారీ నాకు నవ్వూ వస్తుంది, కళ్లూ చెమరుస్తాయి. నోరు పలకని కోరికను అతడు జేబులో పెట్టుకుని తీసుకెళ్లాడు. విక్టర్ చివరిదాకా మాటలు నేర్వలేదు గనుక ఇటార్ తన ప్రయత్నం విఫలమైందనే తలచారు. ఆయన పద్ధతులను శిష్యుడు ఎడ్వార్డ్ సెగ్వాన్ విస్తరించారు. 1907లో రోమ్‌లో చిన్నపిల్లల బడి తెరిచిన మరియా మాంటిస్సోరి ఆ ఇద్దరి రచనల మీద ఆధారపడ్డారు. బొమ్మల కార్డు ఇచ్చి కావలసింది అడిగే మన విద్యార్థులందరిలో నాకు విక్టర్ కనిపిస్తాడు.

ఆ కార్డుల వల్ల వచ్చే సరదా మీకూ తెలిసే ఉంటుంది. పని ముగిశాక ఇవ్వవలసిన ‘అయిపోయింది’ కార్డును, ఎంతో హుషారుగా పాట పాడుతున్న ఉపాధ్యాయిని చేతిలో రెండో చరణం మధ్యలో పెట్టిన బాలిక ఒకతె ఉంది. ఉపాధ్యాయిని వెంటనే పాట ఆపింది. ఆపి తీరాలి కూడా. అంతకు ముందు అదే బాలిక చెవులు మూసుకుని తలను గోడకు కొట్టుకునేది. చాలించమని మర్యాదగా చెప్పే దారి ఆమెకు ఇప్పుడు దొరికింది. ప్రతిఫలం ఎక్కడని అడిగారు కదా, ఇటువంటి చోట్లనే ఉంది. ఒక నోట్‌బుక్‌లో తేదీతో, ఏ సాయంతో చేశాడో, సాయం లేకుండా ఏం చేశాడో రాస్తూ ఉండండి. వ్యక్తిగత విద్యా ప్రణాళికలో లక్ష్యాల పట్టిక ఎలాగూ ఉంటుంది, కానీ జిప్ పైకి వెళ్లిన తర్వాత అతడి ముఖం ఎలా ఉందో ఆ పట్టికలో పట్టదు. అది మీరే రాసుకోవాలి. నిరుత్సాహంగా ఉన్న రోజున పాత పేజీలు తిరగేయండి. సాటి ఉపాధ్యాయులతో చెప్పుకునేటప్పుడు ‘జిప్ పెట్టుకున్నాడు’ అని ఒక్క ముక్కలో ముగించకుండా, పైన రాసినట్టు మెట్టు మెట్టుగా చెప్పి చూడండి, తప్పక వింటారు.

ప్రశ్న: మా అమ్మాయి బడిలో తనంతట తాను చేతులు కడుక్కుంటుందని టీచర్ అంటారు. ఇంట్లో మాత్రం కొళాయి ముందు నిలబడి మా కోసం చూస్తుంది. బడిలో చెప్పేది నిజమేనా, లేక మా అమ్మాయి మమ్మల్ని ఆడిస్తోందా? (ఒక తండ్రి)

జవాబు: రెండు చోట్ల కనిపించేదీ నిజమే. ఒక చోట నేర్చినది ఇంకో చోటికి తనంతట తాను రాదు. పైన చెప్పిన కానర్ వ్యాసంలోని ఒక బాలుడికి, ‘అవును’ అంటే భుజాల మీద ఎక్కించుకుంటానని ఆశపెట్టి తండ్రి ఆ మాట నేర్పారు. అప్పటి నుంచి ఆ బాలుడి లెక్కలో ‘అవును’ అంటే ‘భుజాల మీద ఎక్కించుకో’ అనే అర్థం. దాన్ని భుజాల నుంచి విడదీయడానికి చాలా నెలలు పట్టింది. నేర్పేసి, మిగతా చోట్ల అదే వస్తుందిలే అని ఆశపడటం పరిశోధనల్లో అన్నిటికంటే సాధారణమైన పద్ధతి అని స్టోక్స్, బేర్ అనే పరిశోధకులు 1977లోనే విమర్శించారు. నేర్చినది వేరే చోట వాడటాన్ని కూడా విడిగా నేర్పాలని వారి సూచన.

ఒకసారి బడికి వెళ్లి, అమ్మాయి చేతులు కడుక్కునేటప్పుడు పక్కన నిలబడి చూడండి. అక్కడి కొళాయి నొక్కేదా, తిప్పేదా? సబ్బు బిళ్లా, ద్రవమా? గోడ మీద వరస బొమ్మలు అంటించారా? టీచర్ ఏ మాటతో మొదలుపెడుతున్నారు? అదే మాటను, అవే బొమ్మలను ఇంటికి తెచ్చుకోండి. మొదటి కొన్ని రోజులు ఇంటి కొళాయి తిప్పడం మాత్రం మీరు చేసి, మిగిలినదంతా ఆమెకే వదిలేయండి. తల్లి ఒక పూట, మీరు ఒక పూట నిలబడండి. లేకపోతే చేతులు కడుక్కోవడానికి నాన్న తప్పనిసరి అనే కొత్త నియమం ఆమె మనసులో స్థిరపడుతుంది.