మొదటి వారం వృథా కాలేదు

ప్రశ్న: ఎథికల్ హ్యాకింగ్ కోర్సులో చేరాను. మొదటి వారమంతా సమాచార సేకరణతోనే సరిపోయింది, ఒక్క అటాక్ కూడా చూపించలేదు. దీనికింత టైమ్ అవసరమా? బయట ఏదైనా సైట్ మీద ప్రాక్టీస్ చేయొచ్చా?

జవాబు: అవసరమే, నన్నడిగితే వారం చాలదు కూడా. ఏ సంస్థయినా గట్టిగా కాపలా కాసేది మెయిన్ వెబ్‌సైట్‌నే, దెబ్బ తగిలేది ఎక్కువగా అందరూ మరిచిపోయిన ఏదో ఒక సర్వర్ దగ్గర, అలాంటిదొకటి ఉందనే తెలియకపోతే చేతిలో ఎన్ని టూల్స్ ఉంటే ఏం లాభం?

హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్లనే, అంటే సైట్ అసలుదేనని బ్రౌజర్‌కి రుజువు చూపించే డిజిటల్ పత్రాలనే తీసుకోండి. కొత్తగా ఇచ్చే సర్టిఫికెట్లు ఎవరైనా చూడగలిగే పబ్లిక్ లాగ్‌లలో నమోదు కావాలని క్రోమ్ బ్రౌజర్ 2018 నుంచి పట్టుబడుతోంది. సీఆర్‌టీ డాట్ ఎస్‌హెచ్ అనే సైట్‌లో డొమైన్ పేరు కొడితే ఆ లాగ్‌లలోని పేర్లన్నీ వరసగా వస్తాయి. వాటి మధ్య ‘టెస్ట్’ అనో ‘ఓల్డ్’ అనో మొదలయ్యే పేరు కనిపిస్తే అక్కడ ఆగండి, ప్రాజెక్టు అయిపోయాక తీసేయడం మరిచిపోయిన సైట్ అయ్యుండొచ్చు, పాత సాఫ్ట్‌వేర్ అలాగే నడుస్తూ ఉండొచ్చు. చూశారా, ఇప్పటిదాకా వాళ్ల సర్వర్‌కి మీరు ఒక్క రిక్వెస్ట్ కూడా పంపలేదు! పాసివ్ సమాచార సేకరణ అంటే ఇదే. ఉద్యోగ ప్రకటనలూ వదలకండి, ఫలానా ఫైర్‌వాల్‌లో అనుభవం కావాలని వాళ్లే రాసేస్తారు.

ఎన్‌మ్యాప్ అనే స్కానింగ్ టూల్‌తో పోర్టులు, అంటే సర్వర్‌లోకి కనెక్షన్లు వెళ్లే నంబర్ల ద్వారాలు, స్కాన్ చేయడం మొదలుపెట్టారంటే అది యాక్టివ్, అవతలి సర్వర్ లాగ్‌లో మీ ఐపీ అడ్రస్ పడొచ్చు. ఇంకో మాట, ఆప్షన్లేమీ ఇవ్వకపోతే ఎన్‌మ్యాప్ చూసేది ఎక్కువగా వాడే 1,000 టీసీపీ పోర్టులనే. మొత్తం 65,535 ఉన్నాయి. కొత్తవాళ్లు ఆ వెయ్యీ చూసి అంతా చూసేశామనుకుంటారు.

ఇక బయటి సైట్లంటారా, అనుమతి లేకుండా వద్దే వద్దు. ఏ డొమైన్లు, ఏ ఐపీలు, ఏ తేదీలు అన్నది రాతపూర్వకంగా ఉండాలి, నోటిమాట చాలదు. ప్రాక్టీస్ కోసం ఎన్‌మ్యాప్ వాళ్లే స్కాన్‌మీ డాట్ ఎన్‌మ్యాప్ డాట్ ఆర్గ్ అని ఒక సర్వర్ పెట్టారు, రోజుకి కొన్ని స్కాన్లయితే పర్వాలేదు, వందలొద్దని వాళ్లే చెప్పారు. ఈ వారం దాని మీద రెండు స్కాన్లు చేయండి, ఒకటి మామూలుగా, ఇంకోటి అన్ని పోర్టులకీ, రెండింటి ఫలితాలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.