ఏఐ వచ్చేసింది కదా, ఇంక వాతావరణం చదువెందుకు?

ప్రశ్న: మా అబ్బాయి బీఎస్సీ ఫిజిక్స్ పూర్తి చేశాడు, ఇక్కడే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ)లో ఎంఎస్సీ మెటియరాలజీ చేస్తానంటున్నాడు. వాళ్ళ బాబాయేమో ఇప్పుడు వెదరంతా ఏఐయే చెప్పేస్తోంది, ఆ చదువు దండగ అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఓ తల్లి, ఎంవీపీ కాలనీ

జవాబు: బాబాయిగారి మాట సగం కరెక్టేనమ్మా. గూగుల్ డీప్‌మైండ్ వాళ్ళ గ్రాఫ్‌కాస్ట్ అనే ఏఐ మోడల్ 2023లోనే పది రోజుల ఫోర్‌కాస్ట్ నిమిషంలోపే ఇచ్చేసింది, అదే పాత పద్ధతిలో అయితే పెద్ద సూపర్ కంప్యూటర్ కూర్చుని లెక్కలు కట్టాలి. 2025లో యూరప్ ఫోర్‌కాస్ట్ సెంటర్ కూడా సొంత ఏఐ మోడల్‌ని రోజువారీ పనిలో పెట్టేసింది.

అసలు సంగతంతా మిగతా సగంలో ఉంది. ఈ మోడల్స్ చాలావరకు చదువుకున్నది ఈఆర్ఏ5 అనే డేటా మీద, 1940 నించీ గంటగంటకీ గాలీ వానా ఎండా ఎలా ఉన్నాయో ఫిజిక్స్ మోడల్లో బెలూన్లు, ఓడలు, శాటిలైట్ల కొలతలు కలిపి తయారుచేసిన రికార్డది. అందులో భూమినంతా గళ్ళుగా విడగొట్టి ఒక్కో గడికి ఒక్కో అంకె ఇస్తారు, ఒక్కో గడి దాదాపు 30 కిలోమీటర్లు, అంటే భీమిలి నించి జగదాంబ దాకా ఇంచుమించు ఒకటే గడి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కన్ను (మధ్యలో ప్రశాంతంగా ఉండే భాగం) విశాఖ మీదకొచ్చినప్పుడు గాలి ఆగిపోవడం, కాసేపటికి రెండో వైపు నించి విరుచుకుపడటం మీకు గుర్తుండే ఉంటుంది (మన ఊళ్ళో ఎవరు మర్చిపోతారులెండి). ఆ జోరంతా అంత పెద్ద గడిలో సగటైపోతుంది. అందుకే ఇలాంటి ఏఐ తుఫాను దారి బాగానే చెప్తుంది గానీ గాలి వేగం తక్కువ చెప్తుంది. మ్యాప్ చూడగానే ఇది తక్కువ చూపిస్తోంది అని పట్టుకునేవాడు కావాలి కదా, అది మీవాడే ఎందుకు కాకూడదు?

చేర్పించండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కూడా నేర్చుకోమనండి. ఈఆర్ఏ5 డేటా ఫ్రీగానే దొరుకుతుంది, హుద్‌హుద్ రోజు గాలి, వాన తీసి భారత వాతావరణ శాఖ (ఐఎండీ) రిపోర్ట్ అంకెల పక్కన పెట్టి చూస్తే సగం పాఠం అక్కడే వచ్చేస్తుంది. కోడ్ చాట్ ఏఐతో రాయించుకున్నా పర్లేదు, కాకపోతే ఆ డేటాలో వాన మీటర్లలో ఉంటుంది, మనవాళ్ళు చెప్పేది మిల్లీమీటర్లలో. వెయ్యితో గుణించకపోతే అంత కుండపోతా సున్నాకి దగ్గరగా కనిపిస్తుంది, కోడ్ మాత్రం ఏ ఎర్రరూ చూపించకుండా హాయిగా రన్ అయిపోతుంది! అది తప్పని తెలియాలంటే వాన గురించి తెలిసుండాలి.

ప్రశ్న: వచ్చే వారం తుఫాను అని మా బోటు గ్రూపులో ఏఐ మ్యాప్ పెట్టారు. వేట మానెయ్యాలా?
– ఫిషింగ్ హార్బర్ నించి ఓ పాఠకుడు

జవాబు: మ్యాప్ నిజమైనదే అయ్యుండొచ్చు, కానీ అంత ముందుగా వేసింది పొద్దున ఒడిశా అంటుంది, సాయంత్రానికి చెన్నై అంటుంది. ఓ కన్నేసి ఉంచడానికి పనికొస్తుంది, అంతే. వేటకి వెళ్ళాలా వద్దా అన్నది మాత్రం మన తుఫాను హెచ్చరికల కేంద్రం బులెటిన్, పోర్టులో ఎగరేసిన ప్రమాద సూచిక నంబరు చూసే తేల్చుకోండి. ఇంకోసారి గ్రూపులో అలాంటిది పెడితే అది ఏ రోజు వేసిన మ్యాపో అడగండి, తేదీ లేదంటే డిలీట్ కొట్టెయ్యండి.